యజమాని దొరకని ఆటపెట్టె

గురువారం పొద్దున్న తెరానిషి దగ్గర ఒక పథకం ఉంది. యాభై నాలుగేళ్ల జీవితంలో గంటల లెక్కన వేసుకున్న మొదటి పథకం అదే. ఎనిమిదిన్నరకు భార్య ఫుమియె భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీకి పనికి వెళ్లిపోతుంది. పదింటికి లారీ వస్తుంది. పదిన్నరకు, సెలవులిచ్చిన బోల్టుల ఫ్యాక్టరీలో తనతో పనిచేసే కుబో తోపుడుబండి, తాళ్లు పట్టుకుని వస్తాడు. పన్నెండుకల్లా వీడియోగేమ్ పెట్టె మూడో అంతస్తులోని ఇంట్లో ఉంటుంది. మూడింటికి ఫుమియె తిరిగొచ్చేసరికి దాని మీద ఒక దుప్పటి కప్పి ఉంటుంది. దుప్పటి కింద ఏముందని ఆమె అడిగితే ఏం చెప్పాలన్నది పథకంలో లేదు. అంత దూరం ఆలోచించే మనిషైతే అసలు ఆ పెట్టె కొనేవాడే కాదు.

ఆ పెట్టె స్టేషన్ పక్కనున్న గేమ్ సెంటర్‌ది. ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఎడంచేత్తో పుల్ల తిప్పుతూ, కుడిచేత్తో బొత్తాలు నొక్కుతూ ఆడే రకం. వంద కిలోల బరువు. పద్దెనిమిదో ఏటి నుంచి తెరానిషి అందులో వేసిన నాణేలన్నీ కూడబెడితే ఆ పెట్టెనేం ఖర్మ, దుకాణాన్నే కొనేయవచ్చు. ఇప్పుడు ఆ దుకాణం మూసేస్తున్నారు. "ఎనిమిది వేల యెన్లిచ్చి తీసుకుపో. లేదంటే పాతసామాన్ల వాడికే," అన్నాడు దుకాణదారు. ముప్పయ్యారేళ్ల స్నేహం పాతసామాన్ల వాడి సుత్తి కిందికి పోవడమా! తెరానిషి అక్కడికక్కడే డబ్బు కట్టేశాడు.

కట్టేశాక పొదుపు గుర్తొచ్చింది. తీగల కట్ట కుబో దగ్గర ఊరికే సంపాదించాడు. ఇంట్లో ఆడేటప్పుడు నాణెం వేయనక్కర్లేదు కాబట్టి, నాణెం వేసే బెజ్జం బదులు పాత కాలింగ్ బెల్ బొత్తాం బిగిద్దామనుకున్నాడు. స్పీకర్లు పీకేసి హెడ్‌ఫోన్లు తగిలిస్తే చప్పుడు గడప దాటదు. లారీ కూడా ఊళ్లో అన్నిటికన్నా చవకది మాట్లాడాడు. సరుకు నేల మీద దించడంతో వాళ్ల పని సరి. మెట్లెక్కించడం మన తలనొప్పి.

ఇక ఫుమియె సంగతి. "నాలుగు రోజులుండి పోతా"నని వచ్చిన ఆమె తమ్ముడు మూడేళ్లు తిష్ఠ వేసి, ఎట్టకేలకు పెళ్లి చేసుకుని కదిలాడు. గది ఖాళీ అయింది. అందులో ఆమె కుట్టుమిషను పెట్టుకోవాలనుకుంది. తెరానిషి వారం రోజులు గిన్నెలు కడిగి మరీ బతిమాలాడు.

"ఎంత ఉంటుందయ్యా నీ గేమ్?" అని అడిగింది ఫుమియె.

"భోజనం డబ్బా అంత."

అది అబద్ధం కాదు. ఆట ఉండే బోర్డు అచ్చంగా అంతే ఉంటుంది. ఆ బోర్డు కూర్చునే పెట్టె గురించి ఆమె అడగలేదు, అతడు చెప్పలేదు.

"సరే, పెట్టుకో. కానీ ఒక్క మాట. ఇరుగుపొరుగులో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మన గుమ్మంలోకొచ్చి నిలబడి ఫిర్యాదు చేశారో, ఆ గది నాది. నీ డబ్బా కిటికీలోంచి పోతుంది. ఈ ఏడు మనమే పెద్దలం. మనమే గోల చేస్తే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

పెద్దలం అంటే గొప్పవాళ్లమని కాదు. ఒసాకా తూర్పు శివారులోని ఆ లిఫ్టు లేని నాలుగంతస్తుల గృహాల్లో ఒక్కో మెట్లదారికి ఎనిమిది కాపురాలు. ఏడాదికి ఒక్కో ఇంటివాళ్లు వంతు పెద్దలుగా ఉండాలి. చెత్త వేసే చోటు చూసుకోవాలి, మెట్ల మీద దీపం మాడిపోతే మార్చాలి, నోటీసులు రాసి అట్టకు తగిలించి ఇంటింటికీ తిప్పాలి. అందరూ చదివినట్టు పేరు ముద్ర వేసి పక్కింటికి అందిస్తారు. చదివేవాళ్లు తక్కువ, ముద్ర వేయనివాళ్లు లేరు. వంతు రాగానే ప్రతివాడికీ ఏదో ఒక జబ్బు గుర్తొస్తుంది. ఈసారి తెరానిషికి ఏ జబ్బూ సమయానికి తట్టలేదు.

గురువారం పథకం ఎనిమిదీ పదికి కూలింది. కింద లారీ హారన్ మోగింది. తెరానిషి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్లు దిగాడు.

"ముందు ట్రిప్పు రద్దయింది సార్, తొందరగా వచ్చేశా. ఎక్కడ దించమంటారు?" అన్నాడు డ్రైవరు.

పైన ఫుమియె ఇంకా తల దువ్వుకుంటోంది. "ఎక్కడో ఒకచోట, చదునుగా ఉన్నచోట దించెయ్యి బాబూ, తొందరగా!" అన్నాడు తెరానిషి.

చదునైన చోటు ఆ ఆవరణలో ఒక్కటే ఉంది. చెత్త వేసే సిమెంటు దిమ్మ. డ్రైవరు పెట్టెను సరిగ్గా దాని మీద దించి, రసీదు చింపి చేతిలో పెట్టి, మరో కాపీ వాళ్లింటి పోస్టుడబ్బాలో వేసి వెళ్లిపోయాడు. తెరానిషి ఫోను తీశాడు.

"ఒరేయ్ కుబో, ఇప్పుడే రా! లారీ వచ్చేసింది!"

"నేనెక్కడ వస్తానురా? నడుం పట్టేసింది. ఇందాకే, సాక్స్ తొడుక్కుంటుంటే."

"సాక్స్ తొడుక్కుంటే నడుం పడుతుందట్రా ఎక్కడైనా?"

"నీకూ యాభై ఐదు రానీ, తెలుస్తుంది. సోమవారం దాకా మంచం దిగొద్దన్నారు."

ఫోను పెట్టేలోపు వెనక నుంచి ఈల వినిపించింది. ఆ గృహాల సంఘం అధ్యక్షుడు ఇబుకి. బళ్లో వ్యాయామం మాస్టారుగా చేసి రిటైరై పదమూడేళ్లయినా మెడలో ఈల తీయలేదు. రోజూ పొద్దున్నే చెత్తసంచులను వరసలో నిలబెట్టి తనిఖీ చేస్తాడు. ఇప్పుడు దిమ్మ మీదున్న పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"పెద్ద చెత్త! చీటీ లేదు! ఎవరిదిది, తెరానిషి గారూ?"

ఇంట్లోంచి పెద్ద సామాను పారేయాలంటే నగరపాలకులకు ఫోను చేసి, కొట్లో రుసుం చీటీ కొని, అంటించి, వాళ్లు చెప్పిన రోజున బయట పెట్టాలి. చీటీ లేకుండా పెట్టడమంటే ఆ గృహాల్లో దొంగతనం తర్వాతి నేరం. "నాదేనండీ, కొత్తగా తెచ్చుకున్నాను" అని ఒక్క ముక్క అనేస్తే ఈ కథ ఇక్కడే ముగిసేది. తెరానిషి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే చేతిసంచీ ఊపుకుంటూ ఫుమియె మెట్లు దిగింది. పెట్టెను చూసింది. మొగుణ్ణి చూసింది.

"ఏమిటది?" అంది.

"అదే... అదే నేనూ అడుగుతున్నా. ఎవరిదో," అన్నాడు తెరానిషి.

"పొద్దున్నే ఎవరికి పుట్టిన బుద్ధో!" అని ఆమె బస్సు కోసం వెళ్లిపోయింది. ఇబుకి తెరానిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇది మీ మెట్లదారి ముందే జరిగింది. పెద్ద మీరు. ఇవాళే నోటీసు రాసి తిప్పండి. గట్టిగా రాయండి!"

గట్టిగానే రాశాడు పాపం. "చీటీ లేకుండా పెద్ద చెత్త వదిలిన వ్యక్తి వెంటనే ముందుకు రావలసిందిగా కోరుతున్నాము. ఇటువంటి సిగ్గుమాలిన పని మన మెట్లదారికే మచ్చ." సిగ్గుమాలిన అన్న మాట దగ్గర కలం కాసేపు ఆగింది, కాని ఇబుకి పక్కనే నిలబడి చూస్తున్నాడు. అట్ట సాయంత్రానికి ఎనిమిది ముద్రలతో తిరిగొచ్చింది. మొదటి ముద్ర తెరానిషిదే.

ఇప్పుడతని లెక్క ఇంకొకటి. సోమవారానికి కుబో నడుం తిన్నగా అవుతుంది. ఫుమియె పనికి పోగానే ఇద్దరూ కలిసి గబగబా పైకి చేర్చేయవచ్చు. అడిగినవాళ్లకు "చెత్తవాళ్లు పట్టుకుపోయారు" అని చెప్పవచ్చు. అప్పటి దాకా పెట్టెను ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు.

శుక్రవారం పొద్దున్న చూస్తే పెట్టె నుదుటి మీద చీటీ అంటించి ఉంది.

అంటించింది కింది అంతస్తు సవాయె మామ్మ. ఎనభై ఒక్కేళ్ల మనిషి. చేతికర్ర పట్టుకుని కొట్టు దాకా నడిచి, సొంత డబ్బుతో కొని, నగరపాలకులకు ఫోను కూడా చేసి వచ్చింది. "పాపం, ఎవరో బిడియపడి చెప్పుకోలేకపోతున్నారు. సోమవారం వచ్చి తీసుకుపోతామన్నారులే. ఈ మాటిక్కడితో పోనీ అబ్బాయ్," అంది గుసగుసగా.

తెరానిషికి నిజంగానే సిగ్గేసింది. కాని సోమవారం నగరం లారీ అన్న మాట సిగ్గు కన్నా గట్టిగా తగిలింది. ఆ లారీ వెనక ఒక ఇనుప నోరు ఉంటుంది. అందులో పడ్డ బీరువా గుక్క తిప్పుకునేలోగా అట్టముక్కవుతుంది. మామ్మ లోపలికి పోగానే తెరానిషి చీటీని గోటితో మెల్లగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

శనివారం రెండు చీటీలున్నాయి. పై అంతస్తువాళ్లు ఒకటి, ఎదురింటివాళ్లు ఒకటి. ఎవరికి వారు గుట్టుగా, ఎదుటివాడి పరువు కాపాడుతున్నామనుకుని అంటించినవే. తెరానిషి అవీ పీకాడు. పదింటికి ఈల మోగింది.

"చీటీల దొంగ!" అని అరిచాడు ఇబుకి. "నిన్న మామ్మగారు అంటించారట, లేదు! ఇవాళ రెండు అంటించారట, అవీ లేవు! తెరానిషి గారూ, రెండో నోటీసు!"

తేలు కుట్టిన దొంగలా తెరానిషి రెండోది రాశాడు. "చెత్త పారేయడమే కాక, తోటివారి దయను కూడా దొంగిలించిన ఈ వ్యక్తి..." దయను అన్న మాట ఇబుకిది. అట్ట మళ్లీ తిరిగింది. ఈసారి అందరూ చదివారు.

మధ్యాహ్నానికి కాపలా ఏర్పాటైంది. వంతులు వేశారు. మొదటి వంతు సవాయె మామ్మదీ, వంతు పెద్దదీ. పెట్టెకు ఎదురుగా రెండు మడత కుర్చీలు వేశారు. మామ్మ ఫ్లాస్కులో బార్లీ టీ తెచ్చింది.

"చేసినవాడు తప్పకుండా ఒకసారి చూసుకోవడానికి వస్తాడు అబ్బాయ్. నలభై ఏళ్లు బట్టలకొట్టు నడిపాను. నాకు తెలీదా మనుషుల సంగతి?"

"ఎలాంటివాడంటారు మామ్మగారూ?"

"పిసినారి. అది తెలుస్తూనే ఉంది. పెళ్లామంటే వణుకు, లేకపోతే ఇంట్లో పెట్టుకునేవాడుగా. బుర్ర కూడా పెద్దగా లేదు."

"మూడోది మరీ ఎక్కువేమోనండీ."

"వాడి తరఫున నువ్వెందుకయ్యా వకాల్తా?"

తెరానిషి భుజాలు తడుముకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో వాన మొదలైంది. వాన చుక్క పెట్టె తెర మీద పడగానే అతడు కుర్చీలోంచి ఎగిరి, పైకి పరుగెత్తి, తన నీలం రంగు టార్పాలిన్ తెచ్చి నాలుగు వైపులా తాడు బిగించి కట్టాడు. మూలలు తడవకుండా తన వానకోటు కూడా కప్పాడు. ఆపైన తల మీద వాన కురుస్తుండగా పక్కనే నిలబడ్డాడు.

"చూశావా ఫుమియే," అంది మామ్మ, పని నుంచి వస్తున్న ఆమెను ఆపి. "ఎవడో పారేసిన చెత్తను కూడా కన్నబిడ్డలా చూసుకుంటున్నాడు మీ ఆయన. ఇలాంటి పెద్దను నేను చూడలేదు తల్లీ."

"నేనూ చూడలేదు," అంది ఫుమియె. ఎటూ కాని గొంతుతో అని మేడెక్కింది.

ఆదివారం నాటికి పెట్టె మీద ఐదు చీటీలు చేరాయి. వాన కోసమని ఒకాయన వాటి మీద పారదర్శకమైన టేపు కూడా వేశాడు. ఇక గోటికి ఊడవు. ఐదు ఇళ్లవాళ్లు విడివిడిగా ఫోను చేయడంతో నగరపాలకులు ఆ ఆవరణలో ఐదు పెద్ద సామాన్లున్నాయనుకున్నారు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి అన్నిటికన్నా పెద్ద లారీని, నలుగురు మనుషులను పంపారు. ఇంకా ఫుమియె పనికి వెళ్లలేదు. కుబో అప్పుడే, నడుముకు పట్టీ కట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. చూడటానికి మెట్లదారిలోని ఎనిమిది ఇళ్లవాళ్లూ దిగారు. పక్క మెట్లదారివాళ్లు కూడా వచ్చారు, పండగకు వచ్చినట్టు.

చేతితొడుగులు వేసుకున్న ఇద్దరు టార్పాలిన్ విప్పి పెట్టె మీద చెయ్యి వేశారు. లారీ వెనక ఇనుప నోరు గుర్రుమంటూ తెరుచుకుంది. ఆ చప్పుడుకు తెరానిషిలో ఏదో తెగిపోయింది. గది పోతే పోనీ, పరువు పోతే పోనీ అనుకున్నాడు. వెళ్లి పెట్టెను రెండు చేతులా కావలించుకున్నాడు.

"ఆగండి! ఇది నాది! నేనే కొన్నాను, నేనే ఇక్కడ పెట్టించాను. చీటీలు పీకిందీ నేనే. నోటీసులో రాసిన సిగ్గుమాలినవాణ్ణి నేనే. అందరూ నన్ను క్షమించాలి!" అని నడుం వంచి, చెమట కారుతుండగా, అలాగే ఉండిపోయాడు.

తర్వాత ఇబుకి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"విన్నారా?" అన్నాడు ఇబుకి గద్గదంగా. "విన్నారా అందరూ? ఎవడో చేసిన తప్పు. తన మెట్లదారి పరువు కోసం తన నెత్తినేసుకుంటున్నాడు! ముప్పయ్యేళ్లు బళ్లో పిల్లలకు ఇదే చెప్పాను. జట్టు ఓడితే నాయకుడు తల వంచాలని. ఒక్క వెధవా వినలేదు. ఇవాళ కళ్లారా చూస్తున్నాను!"

"కాదండీ, నిజంగానే నాది," అన్నాడు తెరానిషి.

"ఊరుకో అబ్బాయ్, చాల్లే," అంది సవాయె మామ్మ కళ్లు తుడుచుకుంటూ. "రెండు రోజులు నా పక్కన కూర్చుని కాపలా కాశావు. సొంతదారుడు తన మీద తానే కాపలా కాస్తాడా ఎక్కడైనా? నేను బట్టలకొట్టు నడిపినదాన్ని."

"ఒరేయ్ కుబో, నువ్వు చెప్పరా! నీకు తెలుసుగా!"

కుబో జనాన్ని చూశాడు. కన్నీళ్లు పెట్టుకున్న అధ్యక్షుణ్ణి చూశాడు. ఇప్పుడు నిజం చెబితే వంద కిలోలు మూడంతస్తులు ఎత్తవలసింది తానేనని అతని నడుం అతనికి చెప్పింది.

"ఫ్యాక్టరీలో కూడా వీడింతేనండీ. ఎవరి బోల్టు వంకర పోయినా నాదే అంటాడు," అన్నాడు.

చివరి ఆశగా తెరానిషి భార్య వైపు తిరిగాడు. "ఫుమియే, నువ్వైనా..."

"మా ఆయన నాకు చెప్పకుండా ఇంత పెట్టె కొంటాడా?" అంది ఫుమియె చుట్టూ చూస్తూ. "ఆయనకంత ధైర్యమెక్కడిది?"

ఆ మాటతో కేసు తేలిపోయింది. అందరూ ఒక్కసారిగా తెరానిషికి తల వంచి నమస్కారం చేశారు. ఈ లోపల పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసిన నగరం మనిషి ముందుకొచ్చాడు.

"ఏమండీ, ఇది మేం పట్టుకెళ్లం. ఇళ్లలో సామానైతేనే మాది. ఇది వ్యాపారం చేసే యంత్రం, నాణెం వేసే బెజ్జం ఉంది చూడండి. ఎవరిదో వాళ్లే ప్రైవేటు చెత్త కంపెనీని మాట్లాడుకుని తోలించుకోవాలి." ఐదు చీటీలకూ ఐదు క్షమాపణలు చెప్పి, ఇనుప నోరు మూయించుకుని లారీ వెళ్లిపోయింది.

పెట్టె బతికింది! ఇబుకి మాత్రం అప్పటికే జేబులోంచి సంఘం నియమాల పుస్తకం తీసి పేజీలు తిప్పుతున్నాడు.

"పదకొండో నియమం. ఆవరణలో దొరికిన వస్తువు, సొంతదారుడు వచ్చేవరకు, వంతు పెద్ద ఇంట్లో భద్రంగా ఉండవలెను." ఆ నియమం రాసినవాళ్ల మనసులో గొడుగులు, చేతితొడుగులు, మహా అయితే పిల్లల సైకిలు ఉండి ఉంటాయి. నియమం మాత్రం నియమమే. "తెరానిషి గారూ, మీకు మళ్లీ భారం పెడుతున్నాం. కాదనకండి."

తెరానిషి కాదనలేదు.

ఆ తర్వాత జరిగింది చూడటానికి రెండు కళ్లు చాలవు. పదిహేడు మంది. ముందు నలుగురు తాళ్లతో, వెనక ఆరుగురు భుజాలతో, మెట్టుమెట్టుకూ పాత పరుపు పరుస్తూ మరో ఇద్దరు. ప్రతి మలుపులో ఇబుకి ఈల. ఎత్తలేనివాళ్లు గట్టిగా సలహాలు ఇచ్చారు. కుబో నడుం పట్టుకుని అందరికన్నా గట్టిగా ఇచ్చాడు. గుమ్మం దగ్గర పెట్టె వేలెడంత పట్టలేదు. తెరానిషి టేపు పెట్టి కొలిచినప్పుడు తలుపు మందం మరిచిపోయాడు. ఇబుకి ఇంటి నుంచి పనిముట్లు తెప్పించి తలుపునే ఊడదీయించాడు. లోపల గదిలో నేల మీద సరిగ్గా పెట్టె కొలతకు రంగు టేపు అంటించి ఉంది, పక్కనే కరెంటు తీగ లాగి ఉంది, ముందు ఒక చిన్న స్టూలు కూడా ఉంది.

"చూశారా!" అన్నాడు ఇబుకి అందరినీ పిలిచి. "ఇలా అవుతుందని ముందే ఊహించి చోటు సిద్ధం చేశాడు. పెద్ద అంటే ఇలా ఉండాలి!"

ప్రతి ఇంటివాళ్లూ పోతూ పోతూ ఫుమియెకు వంగి వంగి నమస్కారాలు పెట్టారు. మీ ఇల్లు ఇరుకు చేశాం, మీకు ఇబ్బంది, మీరు క్షమించాలి అన్నారు. మధ్యాహ్నానికి గుమ్మంలో ఆరు పెట్టెల బియ్యపు బిస్కెట్లు, రెండు పుచ్చకాయలు, ఒక డబ్బా బార్లీ టీ పొడి పోగయ్యాయి. ఫిర్యాదు చేయడానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

అందరూ వెళ్లాక, తలుపు లేని గుమ్మంలోంచి గాలి వీస్తుండగా, తెరానిషి స్టూలు మీద కూర్చుని పుల్ల మీద చెయ్యి వేశాడు. ఎంత హాయిగా ఉందో! పైసా కూలీ లేకుండా, ఊరంతా మోసి, దణ్ణాలు పెట్టి మరీ దిగబెట్టారు. కరెంటు మీట నొక్కబోయాడు.

"ఒక్క నిమిషం!" ఇబుకి మళ్లీ వచ్చాడు, చేతిలో ఒక తెల్ల కాగితం పట్టీ, జిగురు. "పరాయి సొత్తు కదా, మనం వాడామన్న మాట రాకూడదు. మీకా చెడ్డపేరు రానివ్వను." పుల్లనూ బొత్తాలనూ కలిపి, మీట మీదుగా పట్టీ అంటించి, రెండు చివర్లా సంఘం ముద్ర వేశాడు. "నెలనెలా వచ్చి చూసిపోతాను. సొంతదారుడు వచ్చేదాకా ఇది చిరగకుండా చూసే పూచీ మీది."

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక ఫుమియె వంటింట్లోంచి పుచ్చకాయ ముక్కలు తెచ్చింది. పళ్లెం పక్కన ఒక కాగితం పెట్టింది. లారీ రసీదు కాపీ. గురువారం సాయంత్రం పోస్టుడబ్బాలో ఆమెకు దొరికింది.

తెరానిషి గొంతులో గింజ అడ్డుపడింది. "మరి... మరి పొద్దున్న నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పావుగా, అందరి ముందూ. ఎవరైనా నమ్మారా? నా మాట మీద నేనున్నాను. ఒక్క ఫిర్యాదు రాలేదు. గది నీదే."

"పోయి నిజం చెప్పేద్దాం ఫుమియే. ఈ రసీదు చూపిస్తే..."

"చూపించు. దయను దొంగిలించినవాడు ఎవడో మామ్మగారికి కూడా నువ్వే చెప్పు. ఆవిడ నీ కోసం ఇప్పుడే చిక్కుళ్లు ఉడకబెడుతోంది." ఆమె రసీదును నాలుగు మడతలు పెట్టి తన సంచీలో వేసుకుంది. "సొంతదారుడు దొరికితే మాత్రం ముందు నాకు చెప్పు. భోజనం డబ్బా ఎంత ఉంటుందో నేనూ ఆయన్ని అడగాలి."

అలా శరదృతువు, చలికాలం గడిచాయి. రోజూ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి తెరానిషి స్టూలు మీద కూర్చుని నల్లటి తెరలో తన మొహం చూసుకునేవాడు. పట్టీ పక్కగా వేళ్లు ఆడించి, ఏ బొత్తాం ఎప్పుడు నొక్కాలో గుర్తు చేసుకునేవాడు. నెలకోసారి ఇబుకి వచ్చి భూతద్దంతో ముద్రలు చూసి, భేష్ అని టీ తాగి వెళ్లేవాడు. నోటీసు అట్ట మీద ప్రతి నెలా తెరానిషి స్వయంగా రాసేవాడు: "సొంతదారుడు ఇంకా ముందుకు రాలేదు."

మార్చిలో సంఘం వార్షిక సమావేశం జరిగింది. వచ్చే ఏడు పెద్దరికం వంతు సవాయె మామ్మది.

"పెద్దరికంతో పాటు దొరికిన వస్తువులు కూడా కొత్త పెద్దకు అప్పగించాలి," అని చదివాడు ఇబుకి. "అంటే ఆ పెట్టె కూడా."

"తెచ్చెయ్యండి నాయనా," అంది మామ్మ. "నా వరండాలో పడేస్తే ఊరగాయ జాడీలు పెట్టుకుంటాను. ముల్లంగి ఊరడానికి ఎత్తుగా ఉండాలి."

పెట్టె నెత్తి మీద ముల్లంగి నీళ్లు కారడం తెరానిషి కళ్లకు కట్టింది. పక్కనున్న ఫుమియె అతని వైపు చూడకుండా టీ తాగుతోంది. ఆ గదిలో నలభై మంది ఉన్నారు. పెద్దరికం అన్న మాట వింటే నడుం నొప్పి, గుండెదడ, కంటి ఆపరేషను, అత్తగారి ఊరు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చే నలభై మంది. వాళ్ల మధ్యలో ఒక చెయ్యి పైకి లేచింది.

"మామ్మగారికి ఈ వయసులో శ్రమ ఎందుకు? వచ్చే ఏడు కూడా... నేనే చేస్తాను," అన్నాడు తెరానిషి.

ఆ గృహాలు కట్టిన నాటి నుంచి ఎవరూ వినని మాట అది. ముందు ఫుమియె చప్పట్లు కొట్టింది, తర్వాత మిగతావాళ్లు లేచి నిలబడి కొట్టారు. ఇబుకి ఈల ఊదబోయి ముక్కు చీదుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి, పాత పట్టీ కాస్త వదులైందని, దాని మీద ఇంకొకటి అంటించి వెళ్లాడు.